పల్సానా కాలువకూ మీ ప్రయోగశాలకూ దూరమెంత?

దక్షిణ గుజరాత్ విశ్వవిద్యాలయాల అకడమిక్ కౌన్సిళ్ళకు, మైక్రోబయాలజీ, బయోటెక్నాలజీ బోర్డ్ ఆఫ్ స్టడీస్ సభ్యులకు బహిరంగ లేఖ



మైక్రోబయాలజీ, బయోటెక్నాలజీ కోర్సులను దూరవిద్యలో గానీ ఆన్‌లైన్‌లో గానీ నడపడానికి వీల్లేదని యూజీసీ 2025 జులై-ఆగస్టు ప్రవేశాల నుంచి ఆంక్ష పెట్టింది. సైకాలజీ, ఆహార పోషక శాస్త్రాలతో పాటు ఈ రెండింటినీ ఆరోగ్య, అనుబంధ వృత్తుల చదువుల కింద లెక్కగట్టింది. చేత్తో చేసి నేర్చుకోవలసిన విద్య పోస్టులో వచ్చే పుస్తకాలతో పట్టుబడదన్న తర్కం అందులో ఉంది. ఆ తర్కంతో నాకు పేచీ లేదు. దాన్ని దూరవిద్య గుమ్మం దగ్గరే ఆపేయడంతోనే పేచీ. భవనం ఉంది, హాజరు పట్టీ ఉంది, ల్యాబ్ అని బోర్డు రాసిన గది ఉంది కాబట్టి రెగ్యులర్ కళాశాలలను ఈ ప్రశ్న అంటదనే ధీమా ఒకటి మన ఉన్నత విద్యలో పాతుకుపోయింది. ఆ ధీమాను ఒప్పుకోలేకే ఈ లేఖ రాస్తున్నాను. విద్యార్థికీ సూక్ష్మజీవికీ మధ్య ఉన్న ఎడమే ఈ చదువులో అసలు దూరమైతే, ఇంటికీ కళాశాలకూ మధ్య మైళ్ళు లెక్కపెట్టి లాభం లేదు. కళాశాల బల్లకూ ఊరి కాలువకూ మధ్య ఎంత ఉందో చూడాలి. ఆ కొలత మీరెప్పుడైనా తీశారా?

లేఖ తెలుగులో ఉన్నందుకు మీలో కొందరికి ఆశ్చర్యం కలగవచ్చు. సూరత్ నగరపాలక సంస్థ గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియా, ఇంగ్లీషులతో పాటు తెలుగు మాధ్యమంలోనూ బడులు నడుపుతోంది. తెలుగువాళ్ళు ఈ నగరంలో ఎంతగా కలిసిపోయారో చెప్పడానికి ఆ ఒక్క సంగతి చాలు. తెలంగాణ జిల్లాల నుంచి తరాల కిందటే వలస వచ్చిన పద్మశాలీలు లింబాయత్ పరిసరాల్లో సాంచాల (పవర్‌లూముల) మీద పనిచేస్తున్నారు. సూరత్ సాంచాల మీద నేసిన గ్రే బట్ట (రంగు వేయని ముడి బట్ట) రంగుకూ ప్రింటింగుకూ పల్సానా, కడోదరా, పాండేసరా, సచిన్ మిల్లులకు పోతుంది. తండ్రి నేసిన బట్ట మిల్లులో రంగు పూసుకుంటుంటే, ఆ రంగు కడిగిన నీళ్ళను అర్థం చేసుకోగల చదువును కూతురు మీ దగ్గర కొనుక్కుంటోంది. కొనుక్కోవడం అనే మాట నోరు జారి అన్నది కాదు. సెల్ఫ్ ఫైనాన్స్ కోర్సు అంటే అదే కదా. నర్మద్ గుజరాతీ వచనానికి దారి వేసి, ఆ భాషకు నిఘంటువు కూర్చిన మనిషి. ఆయన పేరు పెట్టుకున్న విశ్వవిద్యాలయం ఉన్న ఊళ్ళో, ఫీజు కట్టేవాళ్ళు తమ భాషలో నిలదీస్తే తప్పుపట్టరనే నా నమ్మకం.

ముంబై-అహ్మదాబాద్ రహదారి మీద పల్సానా ఒక తాలూకా కేంద్రం. చుట్టూ డైయింగ్, ప్రింటింగ్ మిల్లులు, వాటి నీళ్ళకు ఉమ్మడి శుద్ధి కేంద్రం, చల్తాన్‌లో చక్కెర ఫ్యాక్టరీ, మధ్యమధ్య చెరకు, వరి పొలాలు. మీ సిలబస్‌ను ఎవరైనా తెచ్చి నేల మీద పరిస్తే ఇలాగే ఉంటుంది. సూరత్‌ది ప్రధానంగా పాలియెస్టర్ బట్ట. దానికి పట్టులాంటి మెత్తదనం రావడానికి కాస్టిక్ సోడాలో వేసి పైపొరను కొంత కరిగిస్తారు. మిల్లుల్లో దీన్ని వెయిట్ రిడక్షన్ అంటారు. బట్ట ఎంత బరువు తగ్గితే అంత మేరకు టెరిఫ్తాలిక్ ఆమ్లపు లవణమూ ఇథిలీన్ గ్లైకాలూ నీళ్ళలో కలుస్తాయి. వాటిని తిని బతకగల బ్యాక్టీరియా ఉన్నాయి. ఇక పాలియెస్టర్‌కు వాడే డిస్పర్స్ రంగుల్లో అజో జాతివి ఎక్కువ. గాలి ఆడని చోట బ్యాక్టీరియా అజో బంధాన్ని తెంపుతాయి, రంగు విరిగిపోతుంది, చూసేవాళ్ళకు నీళ్ళు బాగుపడ్డాయనిపిస్తుంది. ఆ తెగిన ముక్కలు ఆరోమాటిక్ అమైన్లు. వాటిలో కొన్ని క్యాన్సర్ కారకాలు. గాలి తగిలే మరో తొట్టిలో వేరే బ్యాక్టీరియా వాటి పని పడితే గానీ శుద్ధి పూర్తయినట్టు కాదు. రంగు పోయినంత మాత్రాన నీళ్ళు శుభ్రపడవని మీ విద్యార్థులు పరీక్షలో పేజీన్నర రాయగలరు. ఆ నీళ్ళను సీసాలో పట్టి, ప్లేటు మీద పూసి, ఏం మొలిచిందో చూసినవాళ్ళు ఒక్కో బ్యాచ్‌లో ఎందరుంటారు?

శుద్ధి కేంద్రం గట్టు మీద జరిగే పరీక్షలు ఎంత సాదాసీదావో ఒకసారి దగ్గర నుంచి చూడండి. గాలి ఊదే తొట్టిలోంచి గోధుమరంగు బురదనీరు లీటరు గాజు సిలిండర్‌లోకి తీసి 30 నిమిషాలు కదపకుండా ఉంచుతారు. బురద ముద్దకట్టి అడుక్కి దిగి పైన తేటనీరు నిలిస్తే తొట్టి ఆరోగ్యంగా ఉన్నట్టు. అరగంట గడిచినా దూదిలా తేలుతూనే ఉంటే పోగుల్లాంటి బ్యాక్టీరియా పెచ్చుపెరిగాయని అనుమానించాలి. అదే నీళ్ళ చుక్కను మైక్రోస్కోపు కింద పెడితే, సన్నటి కాడ మీద గంటలా ఊగే వోర్టిసెల్లా కనిపిస్తుంది. అది కనిపిస్తే సంతోషం. నిన్న ఉండి ఇవాళ లేకపోతే రాత్రికి రాత్రి తొట్టిలోకి ఏం వచ్చి పడిందో వెతకాలి. నీటిలోని మురికిని తినడానికి సూక్ష్మజీవులు ఎంత ఆక్సిజన్ వాడుకుంటాయో చెప్పే బీఓడీ పరీక్షకు కావలసింది 300 మిల్లీలీటర్ల సీసా, 27 డిగ్రీల సెల్సియస్ దగ్గర మూడు రోజుల ఓపిక. మొదటి రోజు ఆక్సిజన్ ఎంత, మూడో రోజుకు మిగిలింది ఎంత, ఆ తేడానే లెక్క. మాంగనీస్ సల్ఫేటు, క్షార అయొడైడు పడగానే సీసాలో గోధుమరంగు మడ్డి కమ్ముకుంటుంది. ఆమ్లంతో అది కరిగి పసుపు తిరుగుతుంది. స్టార్చ్ వేస్తే ముదురు నీలమవుతుంది. హైపో (సోడియం థయోసల్ఫేటు) చుక్కచుక్కగా పడుతుంటే ఎక్కడో ఒక చుక్కకు ఆ నీలం ఉన్నట్టుండి మాయమవుతుంది. టెక్స్‌టైల్ మిల్లుల నీటికి కేంద్రం 2016లో ఖరారు చేసిన ప్రమాణం ప్రకారం లీటరుకు బీఓడీ 30 మిల్లీగ్రాములు, సీఓడీ (రసాయనాలతో ఆక్సీకరించడానికి పట్టే ఆక్సిజన్) 250 దాటకూడదు. ఈ అంకెలను బట్టీ పట్టిన విద్యార్థీ, ఆ నీలం మాయమయ్యే చుక్క కోసం ఊపిరి బిగబట్టి చూసిన విద్యార్థీ ఒకటేనా? రికార్డు పుస్తకానికి ఇన్ని, వైవాకు ఇన్ని అని మార్కులు పంచే పద్ధతిలో మాత్రం ఇద్దరూ ఒకటే.

మనం చదవకుండా వదిలేసిన నీళ్ళను వేరేవాళ్ళు చదువుతున్నారు. హైదరాబాద్ పక్కన పటాన్‌చెరు ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి బయటికి వచ్చే నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉందని 2007లో ప్రపంచానికి చెప్పింది స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ పరిశోధకులు. జ్వరంతో మందు మింగిన రోగి రక్తంలో ఉండేదాని కన్నా అది ఎక్కువ. మందులకు లొంగని బ్యాక్టీరియా గురించి నేడు జరుగుతున్న చర్చలో పటాన్‌చెరు పేరు చేరింది ఆ అధ్యయనం వల్లనే. మరోవైపు, పాలియెస్టర్ కుటుంబానికే చెందిన పెట్ ప్లాస్టిక్‌ను తినే ఇడియోనెల్లా సకాయెన్సిస్ అనే బ్యాక్టీరియాను 2016లో జపాన్ శాస్త్రవేత్తలు ప్రకటించారు. వాళ్ళకు అది దొరికింది సకాయ్ నగరంలో సీసాలను రీసైకిల్ చేసే చోట, అక్కడి మట్టీ మురికీ పోగుచేసి వెతికితే. దశాబ్దాలుగా పాలియెస్టర్ కడిగిన నీళ్ళు పారిన పల్సానా, సచిన్ కాలువల మట్టిలో ఏముందో వెతకడానికి జపాన్ నుంచో స్వీడన్ నుంచో మనుషులు రావాలా? చేతనైనప్పుడు మనవాళ్ళూ చేశారు. 2020లో అహ్మదాబాద్ మురుగునీటిలో కరోనా వైరస్ జన్యు పదార్థాన్ని దేశంలో మొదటగా పట్టుకున్నది గాంధీనగర్ ఐఐటీ, గుజరాత్ బయోటెక్నాలజీ పరిశోధన కేంద్రం. అదే ఏడాది సీసీఎంబీ, ఐఐసీటీ శాస్త్రవేత్తలు హైదరాబాద్ మురుగును పరీక్షించి నగరంలో 6 లక్షలకు పైగా మందికి వైరస్ సోకి ఉంటుందని అంచనా కట్టారు. అవి పెద్ద పరిశోధన సంస్థలు. వాటికి మెరికల్లాంటి పిల్లలను పంపవలసిన డిగ్రీ, పీజీ తరగతులు మీ చేతుల్లో ఉన్నాయి.

మీ చదువుకు గుజరాత్‌లో చట్టపరమైన బాధ్యత కూడా ఉందన్న సంగతి మీకు గుర్తుచేయాలి. 1996లో గుజరాత్ హైకోర్టు ఆదేశంతో ఇక్కడ పర్యావరణ ఆడిట్ పథకం వచ్చింది. ఎక్కువ కాలుష్యం వచ్చే అవకాశమున్న పరిశ్రమలను ఏటా తనిఖీ చేసే ఆడిట్ బృందంలో పర్యావరణ ఇంజినీరు, కెమికల్ ఇంజినీరు, కెమిస్టులతో పాటు మైక్రోబయాలజిస్టు కూడా ఉండాలి. అంటే, మీరిచ్చిన పట్టా పట్టుకున్న మనిషి సంతకం మీద ఊరి నీళ్ళ భవిష్యత్తు ఆధారపడి ఉంది. ఆ సంతకాల విలువ ఎంతో ఆర్థికవేత్తలు ఎస్తర్ డుఫ్లో, మైకేల్ గ్రీన్‌స్టోన్, రోహిణి పాండే, నికొలస్ రయాన్ కలిసి అహ్మదాబాద్, సూరత్ ప్రాంతాల పరిశ్రమల్లోనే తేల్చారు. పొగలోని ధూళి ప్రమాణాన్ని 7 శాతం పరిశ్రమలే దాటుతున్నాయని ఆడిటర్ల నివేదికలు చెబితే, మళ్ళీ కొలిచి చూసినప్పుడు దాటినవి 59 శాతం. ఆడిటర్‌ను పరిశ్రమ ఎంచుకోకుండా లాటరీ పద్ధతిలో కేటాయించి, జీతం ఉమ్మడి నిధి నుంచి ఇచ్చి, అక్కడక్కడ తిరిగి తనిఖీ చేయగానే నివేదికలు నిజం చెప్పడం మొదలుపెట్టాయి, కాలుష్యమూ తగ్గింది. ఆ లెక్క గాలిది, నీటిది కాదు. అయినా పాఠం ఒకటే. కొలిచేవాడికి చెయ్యి తిరగాలి, ఆ చెయ్యి ఎవరికీ తాకట్టు పడకూడదు. రెండోది ప్రభుత్వం చూసుకోవలసిన పని. మొదటిది ఎవరి పని?

ఈ చెయ్యి తిరగకపోవడానికి మూల్యం చెల్లించేది ఎవరో కూడా చెప్పుకుందాం. 2022 జనవరి 6 తెల్లవారుజామున సచిన్ పారిశ్రామికవాడలో ఒక ట్యాంకర్ నుంచి కాలువలోకి రసాయనం వదిలినప్పుడు వెలువడిన విషవాయువుకు ఆరుగురు కార్మికులు చనిపోయారు. 2023 నవంబరులో పల్సానా తాలూకా బలేశ్వర్ దగ్గర ఒక డైయింగ్ మిల్లులో సెప్టిక్ ట్యాంకు శుభ్రం చేయడానికి దిగిన నలుగురు బిహార్ కార్మికులు ఊపిరాడక ప్రాణాలు వదిలారు. మొదటిది నేరం, రెండోది నిర్లక్ష్యం. వాటికి విశ్వవిద్యాలయాన్ని బాధ్యురాలిని చేయడం అన్యాయమే. కానీ గాలి చొరని మురుగులో సల్ఫేటును వాడుకునే బ్యాక్టీరియా హైడ్రోజన్ సల్ఫైడును పుట్టిస్తాయన్నది డిగ్రీ విద్యార్థికి చెప్పే పాఠం. మూత తీయగానే కుళ్ళిన గుడ్ల వాసన వస్తుందనీ, మోతాదు పెరిగితే ముక్కు మొద్దుబారి ఆ వాసన కూడా తెలియదనీ అదే పాఠంలో ఉంటుంది. ఇన్ని మిల్లులున్న తాలూకాలో ఆ పాఠం పరీక్ష పేపరు దాటి మిల్లు సూపర్‌వైజరు చెవిదాకా ఎందుకు పోలేదు? పాఠాన్ని అక్కడిదాకా మోసుకుపోగలిగింది అక్కడికి ఏనాడూ వెళ్ళని విద్యార్థి కాదు కదా?

సూరత్‌కు ఈ పాఠం కొత్తది కాదు. 1994 సెప్టెంబరులో ప్లేగు భయంతో లక్షల మంది ఈ ఊరు విడిచి వెళ్ళారు. రైళ్ళు కిక్కిరిశాయి, సాంచాలు ఆగిపోయాయి, టెట్రాసైక్లిన్ గోళీల కోసం జనం ఎగబడ్డారు. రోగం ముదిరిన రోజుల్లోనే కాదు, సద్దుమణిగాక నెలల తరబడి కూడా అది ప్లేగేనా, మరొకటా అన్న వాదన నడిచింది. నిర్ధారణకు కావలసిన కల్చర్లు సరిగ్గా, సమయానికి తీయడంలోనే చిక్కుముడి పడింది. చివరికి ఆ చిక్కు విప్పి, ప్లేగేనని తేల్చిన సాంకేతిక సలహా సంఘానికి అధ్యక్షుడు శ్రీకాకుళంలో పుట్టిన డాక్టర్ వులిమిరి రామలింగస్వామి. ఆ రోజు జనం మింగిన గోళీకి కూడా ఒక తెలుగు మూలం ఉంది. టెట్రాసైక్లిన్ జాతిలో మొదటిదైన ఆరియోమైసిన్ 1948లో లెడర్లీ సంస్థలో బయటపడింది. కనిపెట్టినవాడు బెంజమిన్ డగ్గర్, ఆ పరిశోధన విభాగానికి పెద్ద భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. దాన్నిచ్చిన సూక్ష్మజీవి ఎక్కడ దొరికిందో మీకు తెలిసే ఉంటుంది. మిసోరి విశ్వవిద్యాలయం సొంత పొలంలో, గడ్డి పెరిగే మడిలోని మట్టిలో. ఆవరణలో ఉన్న మట్టిని తీసి చూడాలన్న అలవాటు ఒక విశ్వవిద్యాలయం చుట్టూ ఉండబట్టి, సూరత్‌లో ఎంతోమంది బతికారు. మీ ఆవరణలో మట్టిని ఈ ఏడాది ఎందరు విద్యార్థులు తీసి చూశారు?

మీ నుంచి వచ్చే అభ్యంతరాలు నాకు తెలియనివి కావు. మొదటిది ఖర్చు. ల్యాబ్ అంటే లక్షలు, ఫీజులు చాలవు అంటారు. సీక్వెన్సరుకూ, పెద్ద ఫెర్మెంటరుకూ లక్షలు కావాలి, నిజమే. అవి ప్రతి కళాశాలకూ అక్కర్లేదు, నలుగురూ కలిసి ఒకచోట పెట్టుకోవచ్చు. నేను అడుగుతున్న పనికి కావలసినవి సీసాలు, సిలిండర్లు, మైక్రోస్కోపులు, అగార్. అగార్‌ను ప్రయోగశాలకు తెచ్చినది పెద్ద గ్రాంటు కాదు. 1880ల మొదట్లో జర్మనీలో ఫానీ హెస్సే తన వంటింట్లో జెల్లీలకు వాడే పదార్థాన్ని భర్తకు సూచించింది, ఆయన బ్యాక్టీరియా శాస్త్రవేత్త రాబర్ట్ కోఖ్‌కు చెప్పాడు. ఆటోక్లేవ్ చేసే పని, 121 డిగ్రీల ఆవిరిలో పావుగంట, ఇంట్లో పెద్ద ప్రెషర్ కుక్కరు సూత్రమే. డిగ్రీ కళాశాలల ల్యాబులను బాగుచేయడానికి కేంద్ర బయోటెక్నాలజీ విభాగం 2008 నుంచి స్టార్ కాలేజీ పథకం నడుపుతోంది. ఇవన్నీ ఉండగా డబ్బు లేదనేవాళ్ళు ముందు ఒక లెక్క బయటపెట్టాలి. ల్యాబ్ ఫీజు పేరుతో ఒక్కో విద్యార్థి నుంచి ఎంత తీసుకుంటున్నారు, అందులో ఎంత రసాయనాలుగా, ప్లేట్లుగా మారి ఆ విద్యార్థి చేతికి వస్తోంది?

రెండోది ప్రమాదం. మిల్లు నీళ్ళు పిల్లల చేతికి ఇస్తే ఏమైనా జరిగితే ఎవరు జవాబుదారీ అంటారు. ఈ భయం నిజమైనది, గౌరవించవలసినది. అందుకే చేతితొడుగులు, నమూనా తీసే పద్ధతి, వాయువు కొలిచే పరికరం, పని అయ్యాక ప్లేట్లను ఆవిరిలో చంపి పారేయడం, ఇవన్నీ మొదటి సెమిస్టరులోనే నేర్పాలి. రోగకారక క్రిములతో పని పెట్టుకోనక్కర్లేదు, మట్టీ నీళ్ళూ చాలు. జాగ్రత్త నేర్పడం కష్టమని ప్రయోగమే మానేస్తే, ఆ జాగ్రత్త తెలియని పట్టభద్రుడు రేపు ఆస్పత్రి ల్యాబులోనో మందుల కంపెనీలోనో తొలిసారి తప్పు చేస్తాడు. ప్రమాదం తగ్గలేదు, మీ గేటు దాటి అవతలికి పోయింది, అంతే.

మూడోది మిల్లుల సహకారం. విశ్వవిద్యాలయం పోలీసు కాదు, యజమానులు లోపలికి రానివ్వరు అంటారు. రానివ్వకపోతే బయటి కాలువ ఉంది, చెరువు ఉంది, బావి ఉంది. అయినా సూరత్ మిల్లులు ప్రయోగాలకు మొహం చాటేసేవి కావని రుజువుంది. పొగలోని ధూళికి ప్రపంచంలోనే మొదటి ఉద్గారాల మార్కెట్ 2019లో మొదలైంది ఇక్కడే. సుమారు 300 పరిశ్రమలను కలుపుకుని గుజరాత్ కాలుష్య నియంత్రణ మండలి, చికాగో తదితర విదేశీ విశ్వవిద్యాలయాల ఆర్థికవేత్తలు దాన్ని నడిపి, ధూళి 20 నుంచి 30 శాతం తగ్గిందని చూపించారు. చికాగో నుంచి వచ్చిన ఆర్థికవేత్తకు తెరుచుకున్న తలుపు, పదిహేను మైళ్ళ లోపు నుంచి వచ్చిన మైక్రోబయాలజీ విభాగానికి తెరుచుకోదా? అసలు ఎవరైనా తట్టి చూశారా?

నాలుగోది అన్నిటికన్నా బరువైనది, కాబట్టి దానికి జవాబు కూడా బరువుగానే ఉండాలి. మేం నడుపుతున్నది విశ్వవిద్యాలయం, శుద్ధి కేంద్రానికి ఆపరేటర్లను తయారుచేసే ఐటీఐ కాదు. జన్యువులూ ప్రోటీన్లూ ఎడిటింగూ నేర్పవలసిన చోట మురుగు పట్టుకు తిరగమంటారా అని అడిగేవాళ్ళున్నారు. వాళ్ళు పాశ్చర్‌ను గుర్తుచేసుకోవాలి. 1856లో లూయీ పాశ్చర్ ఫ్రాన్స్‌లోని లిల్ నగరంలో ఆచార్యుడిగా, సైన్సు ఫ్యాకల్టీకి డీన్‌గా ఉన్నాడు. బీట్ దుంపల రసంతో సారా తీసే స్థానిక ఫ్యాక్టరీ యజమాని తన తొట్లలో రసం చెడి పుల్లబడుతోందని వచ్చి అడిగితే, ఆయన ఇది మా స్థాయి కాదని పంపేయలేదు. తొట్ల దగ్గరికి వెళ్ళి ఆ రసాన్ని మైక్రోస్కోపు కింద పెట్టాడు. పులియడం బతికున్న జీవుల పని అన్న సిద్ధాంతానికి ఆ తొట్లు మెట్లయ్యాయి. చెరకు నరికాక గానుగకు చేరడం ఆలస్యమైతే ల్యూకోనోస్టాక్ అనే బ్యాక్టీరియా రసంలోని చక్కెరను జిగురుగా మార్చేస్తుంది. చెరకు తాలూకాలో రైతుకూ ఫ్యాక్టరీకీ ఇది డబ్బు నష్టం. చక్కెర అణువును ఆ బ్యాక్టీరియా ఎంజైము ఎలా విడదీసి గొలుసుగా అల్లుతుందన్నది మీరు కోరే ఉన్నత శాస్త్రమే. ఒకే జిగురులో రెండూ ఉన్నాయి. ఏటా వానాకాలంలో ఈ ప్రాంతపు వరి, చెరకు పొలాల్లో పనిచేసేవాళ్ళను వెంటాడే లెప్టోస్పైరోసిస్ కూడా అంతే. నిలవనీటిలో ఆ మెలికల క్రిమి ఎన్నాళ్ళు బతుకుతుందన్నది కూలీకి ప్రాణ సమస్య, శాస్త్రవేత్తకు పరిశోధనాంశం. ఊరి సమస్య చేపడితే స్థాయి తగ్గుతుందన్న భయం ఈ శాస్త్రపు చరిత్ర చదివినవాళ్ళకు రాకూడనిది.

ఇంకా ఒక మాట వినిపిస్తుంది. నీట్‌లో సీటు రానివాళ్ళే ఈ కోర్సుల్లో చేరతారు, వాళ్ళకు ఆసక్తి ఉండదు, ఉద్యోగాలూ లేవు, కాబట్టి ఇంతకన్నా ఏం చేస్తాం అని. ఇది కారణం కాదు, ఫలితం. చేతిలో పని లేని పట్టాకు ఉద్యోగం రాదు. ఉద్యోగం రాని కోర్సులో మిగిలిన దారులు మూసుకున్నవాళ్ళే చేరతారు. వాళ్ళకు ఆసక్తి లేదని ల్యాబ్‌కు ఖర్చు పెట్టరు. ఈ గానుగను తిప్పుతున్నది విద్యార్థి కాదు. దాన్ని ఆపగలిగిన చెయ్యి సిలబస్ మీద సంతకం పెట్టే చెయ్యి ఒక్కటే.

అందుకని అడుగుతున్నవి నాలుగే. ఒకటి, డిగ్రీలోనూ పీజీలోనూ కనీసం ఒక సెమిస్టరు పొడవునా ఒక స్థానిక నీటి వనరును విద్యార్థులకు అప్పగించండి. కాలువ కావచ్చు, చెరువు కావచ్చు, శుద్ధి కేంద్రం కావచ్చు. వారం వారం అదే చోట నమూనా తీసి, అవే పరీక్షలు చేసి, వానకు ముందూ తర్వాతా ఏం మారిందో వాళ్ళే రాయాలి. రెండు, రికార్డు పుస్తకానికిచ్చే మార్కులు తగ్గించి, ముందుగా చూడని నమూనాను బల్ల మీద పెట్టి ఇందులో ఏముందో తేల్చమనండి. జవాబు తప్పినా, చేరుకున్న దారి సరిగా ఉంటే మార్కులివ్వండి. మూడు, ఆ ఫలితాలను జనం చూసేలా గుజరాతీలో, హిందీలో, వీలైతే తెలుగు, ఒడియాల్లో కూడా ఏటా ప్రచురించండి. పదేళ్ళు గడిస్తే ఈ ప్రాంతపు నీళ్ళకు మరెవరి దగ్గరా లేని చరిత్ర మీ దగ్గర ఉంటుంది. నాలుగు, ప్రవేశాలకు ముందే ప్రతి కళాశాలా తన బోర్డు మీద రాయాలి: ఒక్కో విద్యార్థికి వారానికి ఎన్ని గంటల ల్యాబ్, ఎందరికి ఒక మైక్రోస్కోపు. అది చూసి తల్లిదండ్రులు కొనాలో వద్దో నిర్ణయించుకుంటారు.

వీటిలో ఏ ఒక్కదానికీ ఢిల్లీ అనుమతి అక్కర్లేదు. ఏం నేర్పాలి, ఎలా పరీక్షించాలి అన్నది నిర్ణయించే అధికారం మీదే. స్వయంప్రతిపత్తి అనే మాటకు అర్థం అదే. దూరవిద్యను ఆపినందుకు యూజీసీని మెచ్చుకునే ప్రకటన రాయడం తేలిక. అదే కొలబద్దను సొంత ప్రయోగశాల ముందు నిలబెట్టడం కష్టం. సూక్ష్మజీవిని ముట్టుకోకుండా మైక్రోబయాలజీ పట్టా పుచ్చుకోవడం దూరవిద్యలో తప్పు అయితే, రెగ్యులర్ తరగతిలో ఒప్పు ఎలా అవుతుంది?

మీ తదుపరి బోర్డు సమావేశం ఎజెండాలో ఈ లేఖను చేర్చమని కోరుతున్నాను. సమావేశానికి వచ్చే ముందు మీలో ఒకరు దారిలో పల్సానా దగ్గర ఆగి ఒక సీసా నీళ్ళు పట్టి తెస్తే చర్చ సూటిగా సాగుతుంది. మూత బిగించి 27 డిగ్రీల దగ్గర పెడితే ఆ నీళ్ళు మూడు రోజుల్లో తమ జవాబు చెబుతాయి. మీ జవాబుకు ఎన్ని సెమిస్టర్లు ఆగమంటారు?

భవదీయుడు,
సూరత్‌లోని ఒక తెలుగు పౌరుడు